నీటికి అడ్డు ఎక్కడ పడుతుందో చూపించిన డార్సీ

కాలవ చివరి భూముల్లో కౌలుకు చేసే కూలీ రైతుకు నీటి కష్టం ఎలాంటిదో రేపల్లె దిగువ ఊళ్ళవాళ్ళకు మేము చెప్పనక్కర్లేదు. పైనుంచి నీరందకపోతే మురుగు కాలవలో ఆయిలింజను పెట్టి తోడాల్సిందే. ఇంజను అద్దె ఒకటి, డీజిలు ఒకటి. ఆ డీజిలంతా నీటిని పైకెత్తటానికే ఖర్చవుతుందనుకుంటాం. కాదు. అందులో కొంత గొట్టం లోపలి రాపిడికి, ఫుట్ వాల్వు అడ్డుకు, ఎల్బోల వంపులకు తగలబడిపోతుంది. ఈ నష్టాన్ని కొలిచి లెక్కకట్టే దారి చూపినవాళ్ళలో ముఖ్యుడు ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ డార్సీ. చదువుకున్న ఇంజనీర్లకు ఆయన పేరు బాగా తెలుసు. గట్టు మీద గొట్టం మోసేవాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

డార్సీ 1803 జూన్ 10న డిజోన్ పట్టణంలో పుట్టాడు. గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ పుట్టిందీ ఆ ఏడే. పద్నాలుగో ఏట తండ్రి పోతే తల్లి నానా తంటాలు పడి చదివించింది. పారిస్‌లో ఇంజనీరింగు చదివి, ప్రభుత్వ కొలువులో చేరి సొంత ఊరికే వచ్చాడు.

ఆనాడు డిజోన్ చెడ్డ నీళ్ళకు పేరుపడ్డ ఊరు. ఊళ్ళో లోతుగా బావి తవ్వించి చూశారు, నీళ్ళు చాల్లేదు. డార్సీ ఊరి బయట రోజ్వార్ అనే ఊటను ఎంచుకున్నాడు. అక్కడినుంచి 12 కిలోమీటర్ల పైచిలుకు దూరం మూసిన కాలవ తవ్వించి, వాలు మీదనే, ఏ యంత్రమూ లేకుండా 1840 సెప్టెంబరులో నీళ్ళు ఊరికి తెచ్చాడు. వీధి వీధికీ కుళాయిలు పెట్టించాడు. పేదలకు నీళ్ళు కొలిచి పొయ్యకూడదని ఆయన మతం. ఇంత చేసి ప్రతిఫలం పుచ్చుకోలేదు. ఊరివాళ్ళు బంగారు పతకం ఇచ్చి, బతికినన్నాళ్ళూ ఇంటికి ఉచితంగా నీళ్ళిస్తామంటే అంతటితో సరిపెట్టుకున్నాడు. ఆ కాలవ తవ్విన కూలీల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ మాకు కనపడలేదు. అది వేరే దేశపు సంగతే కాదు లెండి, మన కృష్ణా కాలవలదీ అదే కథ.

1848 రాజకీయ మార్పుల్లో ఆయన్ని డిజోన్ నుంచి కదిలించారు. చివరికి పారిస్ నీటి సరఫరా పని అప్పజెప్పారు. అక్కడ 1849 మొదలుకొని రెండు మూడేళ్ళపాటు ఆయన చేసిన పనే మనకు ముఖ్యం. అప్పటిదాకా పెద్ద పెద్ద పండితుల సూత్రాల్లో గొట్టం లోపలి గోడ నున్నగా ఉన్నా గరుకుగా ఉన్నా ఒకటే. డార్సీ కాగితం పక్కనబెట్టి కొత్త ఇనప గొట్టాలు, తుప్పు పట్టిన పాతవి, సీసపువి, గాజువి వరసగా పెట్టి నీళ్ళు పారించి ఒత్తిడి ఎంత పడిపోతుందో కొలిచాడు. పాత గొట్టంలో నీటికి అడ్డు ఎక్కువని తేలింది. జర్మనీ వాడైన వైస్‌బాక్ పేరుతో కలిపి నేటికీ ఆ లెక్కను డార్సీ–వైస్‌బాక్ సూత్రమంటారు.

ఆ లెక్కను పొలానికి తెస్తే ఏమవుతుంది? నీటి వేగం రెట్టింపయితే నష్టం సుమారు నాలుగు రెట్లవుతుంది. అంతే నీళ్ళు రెండున్నర అంగుళాల గొట్టానికి బదులు మూడంగుళాల గొట్టంలో పోతే రాపిడి నష్టం సగానికన్నా కిందికి దిగుతుంది. ఫుట్ వాల్వు సంగతీ అంతే. ఇంజను ఆపినప్పుడు గొట్టంలో నీళ్ళు దిగిపోకుండా పట్టటం దాని పని. కాని మూత పూర్తిగా తెరుచుకోకపోయినా, జల్లెడ చిల్లులు ఇరుకైనా, నాచు పట్టినా నీటి గొంతు నొక్కినట్టే. వ్యవసాయ పంపుల ఫుట్ వాల్వులకు మన దేశంలో ఐ.ఎస్. 10805 అనే ప్రమాణం ఉంది. తెనాలి బజారులో చవకగా దొరికిందని కొనేముందు ఆ గుర్తు ఉందో లేదో చూడాలి, మూత ఎంత తెరుచుకుంటుందో వేలు పెట్టి చూడాలి. గుండ్రంగా తిరిగే బెండు ఉండగా మూలమట్టపు ఎల్బో ఎందుకు? చవక వాల్వులో మిగిలిన డబ్బు ఒక్క కారుకే డీజిలుకింద పోతుంది.

ఆరోగ్యం చెడి డార్సీ 1855లో ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. ఊరికే కూర్చోలేదు. నిలువు గొట్టంలో ఇసుక నింపి, దానిగుండా నీరెంత దిగుతుందో కొలిచి 1856లో అచ్చువేశాడు. భూగర్భ జలాల శాస్త్రానికి అదే పునాది. బాపట్ల ఇసుక నేలల్లో దొరువు తవ్వి నీళ్ళు పోసుకునేవాళ్ళకు ఆ సంగతి చేతులతో తెలుసు. పైన తీపి నీరు, కింద ఉప్పు నీరు, గట్టిగా తోడితే ఉప్పు పైకొస్తుంది. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఆ దొరువునే మెరుగుపరిచి, ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి పై తీపి నీటిని మాత్రం గుంటలోకి రాబట్టే పద్ధతి తయారుచేశారు.

1858 జనవరి 3న డార్సీ పారిస్‌లో న్యుమోనియాతో చనిపోయాడు. ఆయన కాలవల మీద మొదలుపెట్టిన ప్రయోగాలను సహాయకుడు బాజాన్ పూర్తిచేసి 1865లో ప్రచురించాడు. కాలవ ఒడ్డూ అడుగూ ఎంత గరుకైతే నీరు అంత నెమ్మదిస్తుందని అందులో తేలింది. నిజాంపట్నం వైపు చివరి తూముకు నీరు దిగటంలేదంటే పైవాళ్ళు ఆపారని తిట్టుకునేలోగా, మధ్యలో కాలవను గుర్రపుడెక్కా తూటికాడా ఎంత దూరం కమ్ముకున్నాయో, పూడిక తీసి ఎన్నాళ్ళయిందో నలుగురు కలిసి నడిచి చూసి, ఆ లెక్కతో నీటిపారుదల ఆఫీసుకు పోవాలి.