పరాయి ఊళ్లో చెల్లిన కాగితం

ఆఫర్ లెటర్ వచ్చింది. చేరిన ఏడాదికి కంపెనీ మిమ్మల్ని ఆన్‌సైట్ పంపిస్తోంది. లేదా మొదటి బోనస్ పడగానే నలుగురు ఫ్రెండ్స్ కలిసి బ్యాంకాక్‌కు టికెట్లు బుక్ చేసుకున్నారు. వీసా అయింది, బ్యాగు సర్దడమూ అయింది. బయల్దేరే ముందురోజు రాత్రి ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే, డబ్బులు ఎలా తీసుకెళ్తున్నావని. నాన్న నోట్లు పట్టుకెళ్లమంటారు. అన్నయ్య కార్డు ఉంటే చాలంటాడు. అమ్మ మాత్రం కొంత ఇక్కడ, కొంత అక్కడ విడివిడిగా పెట్టుకోమంటుంది. ముందే చెప్తున్నా, ముగ్గురిలో అమ్మ మాటే కరెక్టు. ఎందుకో తెలియాలంటే మీరు నాతో దాదాపు రెండు వందల ఏళ్లు వెనక్కి, ఇంగ్లండ్‌లో ఒక వడ్రంగి దగ్గరికి రావాలి.

ఆ వడ్రంగి పేరు థామస్ కుక్. ఫారెక్స్ కౌంటర్ల బోర్డుల మీద ఈ పేరు మీరు చూసే ఉంటారు. చాలామంది అది కంపెనీ పేరు మాత్రమే అనుకుంటారు. బీటెక్ అయ్యేదాకా నేనూ అలాగే అనుకున్నా.

1808 నవంబరు 22న డెర్బీషైర్‌లోని మెల్‌బోర్న్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. (మనవాళ్లు ఎంఎస్‌కి వెళ్లే ఆస్ట్రేలియా మెల్‌బోర్న్ ఉంది చూడండి, ఆ నగరానికి లార్డ్ మెల్‌బోర్న్ పేరు పెట్టారు. ఆ ప్రభువు బిరుదు ఈ ఊరిదే.) ఊహ తెలిసేలోపే తండ్రి పోయాడు. పదేళ్లకు బడి మానేసి తోటపనికి కుదిరాడు. కూలి రోజుకు ఒక పెన్నీ. పద్నాలుగేళ్లకు ఒక బంధువు దగ్గర చెక్కపని నేర్చుకోవడానికి చేరాడు. రెజ్యూమె రాయాల్సి వస్తే ఒక్క పేజీ కూడా నిండని కుర్రాడు.

1828లో బాప్టిస్ట్ మత ప్రచారకుడిగా చేరి ఊరూరా తిరగడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ఒక్కదానిలోనే 2,000 మైళ్లకు పైగా నడిచాడు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి నడిచి వెళ్లి, మళ్లీ నడిచి వచ్చినంత దూరం. కొన్నాళ్లకు జీతం ఇవ్వడానికి మిషన్ దగ్గర డబ్బు లేకపోయింది. మళ్లీ ఉలి, రంపం పట్టుకున్నాడు. 1833లో పెళ్లయింది, అదే ఏడాది మద్యం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టే అతన్ని ఇంకో దారి పట్టించింది.

1841 జూన్‌లో మార్కెట్ హార్‌బరో నుంచి లెస్టర్‌లో జరిగే మద్యపాన వ్యతిరేక సభకు నడిచి వెళ్తున్నాడు. దాదాపు 24 కిలోమీటర్లు. అప్పటికి రైలు కొత్త. సభలకు జనాన్ని రైల్లోనే తీసుకెళ్తే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆ నడకలోనే తట్టింది. రైల్వే వాళ్లతో మాట్లాడి, జులై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకు ప్రత్యేక రైలు వేయించాడు. సుమారు ఐదు వందల మంది ఎక్కారు. రానూపోనూ టికెట్ ఒక షిల్లింగ్. ఇవాళ ట్రావెల్ ప్యాకేజీ అని మనం కొనే సరుకు చాలావరకు ఆ పూట నుంచే మొదలైందంటారు.

1845లో లాభం కోసం మొదటి ట్రిప్ వేశాడు, లివర్‌పూల్‌కు. తీసుకెళ్లే ముందు ఆ దారంతా తనే ఒకసారి తిరిగి, హోటళ్లు చూసి వచ్చి, యాత్రికుల కోసం చిన్న పుస్తకం కూడా అచ్చు వేశాడు. మరుసటి ఏడాది స్కాట్లండ్ ట్రిప్ తేడా కొట్టింది. సుమారు 350 మంది. దారిలో స్టీమర్ ఎక్కాక క్యాబిన్లు సరిపోలేదు, చాలామంది రాత్రంతా డెక్ మీద వానలో తడిశారు. ఆ 1846లోనే కుక్ దివాలా తీశాడు. వయసు ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది. ఊళ్లో తలెత్తుకోలేని పరిస్థితి. అయినా ఆ పనే చేశాడు, మళ్లీ స్కాట్లండ్‌కే జనాన్ని తీసుకెళ్లాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు దాదాపు లక్షన్నర మందిని తరలించాడు. వాళ్లలో చాలామంది వారం వారం కొద్దికొద్దిగా కూడబెట్టుకున్న కార్మికులు.

ఇప్పటిదాకా అంతా ఒకే దేశం, ఒకటే నాణెం. అసలు తలనొప్పి సముద్రం దాటాక మొదలైంది.

1855లో పారిస్ ప్రదర్శనకు తీసుకెళ్లిన దారి చూడండి: హార్విచ్ రేవులో ఓడెక్కి ఆంట్‌వెర్ప్, అక్కణ్నుంచి బ్రసెల్స్, కొలోన్, రైన్ నది, స్ట్రాస్‌బర్గ్, ఆఖరికి పారిస్. బెల్జియంలో ఫ్రాంకులు. కొలోన్ అప్పుడు ప్రష్యాది, అక్కడ థాలర్. దక్షిణాన బాడెన్ రాజ్యంలో గుల్డెన్. ఫ్రాన్స్‌లోకి వస్తే మళ్లీ ఫ్రాంకు. జర్మనీ ఇంకా ఒక్క దేశం కాలేదు, ఇటలీ కూడా అంతే. ప్రతి సరిహద్దు దగ్గరా నాణేల మార్పిడి, ప్రతి మార్పిడిలో ఎంతోకొంత కోత. ఒక ఊళ్లో మిగిలిన చిల్లర పక్క ఊళ్లో చెల్లని కాసు.

అప్పట్లో డబ్బున్నవాళ్లకు వేరే దారి ఉండేది. స్వదేశంలో బ్యాంకులో సొమ్ము కట్టి, లెటర్ ఆఫ్ క్రెడిట్ అనే ఉత్తరం తెచ్చుకునేవాళ్లు. పరాయి ఊళ్లో ఆ బ్యాంకుతో ఒప్పందం ఉన్న బ్యాంకును వెతుక్కుని, పని వేళల్లో వెళ్లి ఉత్తరం చూపిస్తే అడిగినంత ఇచ్చి, ఇచ్చిన మొత్తం దాని మీదే రాసేవారు. బ్యాంకు లేని పల్లెలో చిక్కుకుంటే అంతే సంగతులు. గుమాస్తాలు, టీచర్లు, చిన్న వ్యాపారులు, అంటే కుక్ కస్టమర్లలో చాలామంది, అంత దూరం పోయేవాళ్లు కాదు. బంగారు నాణేలు నడుముకు కట్టుకుని, పడుకున్నా తడుముకుంటూ తిరగాల్సిందే.

1862 ప్రాంతంలో స్కాట్లండ్ రైల్వేలు కుక్‌కు చౌక టికెట్లు ఇవ్వడం ఆపేశాయి. ఉన్న వ్యాపారంలో పెద్ద ముక్క పోయింది. అతను యూరప్ వైపు తిరగడానికి అదీ ఒక కారణం. 1863లో స్విట్జర్లండ్, 1864లో ఇటలీ. జనం పెరిగే కొద్దీ డబ్బు మార్పిడి గొడవా పెరిగింది. 1868లో దానికి మొదటి మందు కనిపెట్టాడు: హోటల్ కూపన్. గదికి, భోజనానికి ఇంగ్లండ్‌లోనే డబ్బు కట్టి కూపన్ల పుస్తకం కొనుక్కోవాలి. జాబితాలో ఉన్న హోటల్‌కు వెళ్లి ఒక కూపన్ చించి ఇస్తే సరి. హోటల్ వాడు వాటిని కుక్‌కు పంపి డబ్బు తీసుకుంటాడు.

టెక్ రాసేవాణ్ని కాబట్టి నాకు ఇక్కడే ఆసక్తి. కూపన్ కాగితానికి సొంత విలువేమీ లేదు. స్విస్ హోటల్ వాడు ఎందుకు తీసుకోవాలి? కుక్ ప్రతి సీజన్‌లో గుంపులు గుంపులుగా జనాన్ని తెస్తాడు కాబట్టి, బాకీ ఎగ్గొట్టడని నమ్మకం కాబట్టి. జనం ఎందుకు కొనాలి? చాలా హోటళ్లు తీసుకుంటున్నాయి కాబట్టి. మన వీధి చివర టీ కొట్టు మీద క్యూఆర్ స్టిక్కర్ వెలిసింది కూడా ఇదే లెక్కతో. రెండు వైపులా ఒకేసారి జనం కుదరాలి, అది కుదిర్చేదాకానే కష్టం. కుక్ దాన్ని ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగి, హోటల్ హోటల్‌కూ మాట్లాడి కుదిర్చాడు.

1872 సెప్టెంబరులో తనే చిన్న బృందాన్ని తీసుకుని భూమి చుట్టి రావడానికి బయల్దేరాడు. అప్పటికి వయసు 63. అమెరికాను రైల్లో దాటి, జపాన్, చైనా, సింగపూర్, సిలోన్ మీదుగా మన దేశానికి వచ్చి, ఇక్కడి రైళ్లలో తిరిగి, కొత్తగా తవ్విన సూయజ్ వైపు వెళ్లాడు. మొత్తం 222 రోజులు. ఫ్రాన్స్‌లో జూల్స్ వెర్న్ 80 రోజుల్లో భూమిని చుట్టే నవల పత్రికలో వస్తున్నదీ సరిగ్గా అప్పుడే.

1874లో న్యూయార్క్‌లో అతని సర్క్యులర్ నోట్లు అమ్మకానికి వచ్చాయి. నిజానికి ఈ పద్ధతి కుక్ సొంతం కాదు. లండన్‌లో రాబర్ట్ హెరీస్ అనే బ్యాంకరు 1772లోనే ఇలాంటివి అమ్మాడు, కాకపోతే అవి గొప్పింటివాళ్లకు. కుక్ దాన్ని మామూలు యాత్రికుడి చేతికి తెచ్చాడు. నోటు ఇస్తే బ్యాంకుల్లోనే కాదు, హోటళ్లలో, టికెట్ ఏజెంట్ల దగ్గర కూడా ముందే ఖరారైన రేటుకు ఆ ఊరి డబ్బు చేతికొచ్చేది.

సర్క్యులర్ నోట్ పద్ధతిలో ఇంకో తమాషా ఉంది. నోట్లతో పాటు విడిగా ఒక ఉత్తరం ఇచ్చేవారు, దాని మీద యాత్రికుడి సంతకం ఉంటుంది. నోటు మీద పెట్టిన సంతకం, ఉత్తరం మీది సంతకం సరిపోలితేనే డబ్బు. కాబట్టి నోట్లు ఒకచోట, ఉత్తరం ఇంకోచోట దాచుకోవాలి. దొంగకు ఒక్కటే దొరికితే అది ఉత్త కాగితం. మీరు కార్డు ఒక జేబులో పెట్టుకుని, పిన్ బుర్రలో పెట్టుకోవడం అదే ఏర్పాటు. పిన్ నంబరు రాసిన చీటీని అదే పర్సులో దూర్చేవాళ్లు నాకు తెలుసు. 1874 నాటి యాత్రికుడు వాళ్లకంటే నయం.

ఇక్కడ నా ముచ్చట ఒకటి చెప్పాలి. మూడేళ్ల కిందట ఆఫీసు పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లా. కార్డు ఉంది కదా అని నోట్లు పట్టుకెళ్లలేదు. స్టేషన్‌లో టికెట్ కోసం కార్డు పెడితే రిజెక్ట్. మన దేశంలో కొత్త కార్డుల మీద విదేశీ వాడకం మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నిబంధన అది. యాప్‌లోకి వెళ్లి ఆన్ చేద్దామంటే ఓటీపీ కావాలి. ఓటీపీ రావాలంటే నా సిమ్‌కు రోమింగ్ లేదు. పక్కన ఉన్న కొలీగ్ 20 యూరోల నోటు చేతిలో పెట్టకపోతే ఆ పూట అక్కడే కూర్చునేవాణ్ని. తప్పు బ్యాంకుది కాదు, పూర్తిగా నాదే.

అందుకే మీరు వెళ్లేటప్పుడు ఇంట్లోనే ఆ స్విచ్ ఆన్ చేసుకోండి, రోమింగ్ సంగతి చూసుకోండి. ఖర్చులో పెద్ద భాగం ఫారెక్స్ కార్డులో వేసుకుంటే రేటు ముందే ఖాయమవుతుంది, కుక్ నోటులాగే. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ వేసి, దాని మీద జీఎస్టీ వేస్తాయి. అయినా ఒక క్రెడిట్ కార్డు దగ్గర ఉండాలి. హోటల్ వాళ్లు డిపాజిట్ బ్లాక్ చేసేటప్పుడు అది పనికొస్తుంది, ఫారెక్స్ కార్డులో డబ్బు బ్లాకైతే మీ తిండి ఖర్చే ఇరుక్కుంటుంది. దుకాణంలో మెషీన్ రూపాయల్లో కడతారా, అక్కడి కరెన్సీలోనా అని అడిగితే అక్కడి కరెన్సీయే నొక్కండి. రూపాయలు చూడగానే మనసు అటు లాగుతుంది, కానీ ఆ మార్పిడి రేటు వాళ్లిష్టం. నోట్లు రెండు మూడు రోజుల ఖర్చుకు సరిపడా చాలు. చాలా దేశాలకు ఒక ట్రిప్‌లో 3,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు తీసుకెళ్లనివ్వరు కూడా. స్వీడన్‌లో నోటు తియ్యకుండానే రోజులు గడిచిపోతాయి. బ్యాంకాక్ వీధి బండి దగ్గర మాత్రం నోటే తియ్యాలి.

మళ్లీ కుక్ దగ్గరికి. వ్యాపారం పెరిగేసరికి కొడుకు జాన్ మేసన్‌తో పొసగలేదు. తండ్రికి యాత్రలూ దానధర్మాలూ మతప్రచారమూ అన్నీ ఒకటే. కొడుకుకు లెక్క లెక్కే. కంపెనీ సొమ్ము, సేవ కలిపేస్తున్నాడని అతని ఫిర్యాదు. ఇద్దరిలో ఎవరి పక్షమంటే చెప్పలేను. తండ్రి లేకపోతే కంపెనీ పుట్టేది కాదు, కొడుకు లేకపోతే అంత పెద్దదయ్యేది కాదు. 1870ల చివర్లో పెద్దాయన తప్పుకుని లెస్టర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. 1880లో ఆ ఇంట్లోనే కూతురు యానీ స్నానాల గదిలో గ్యాస్ హీటర్ పొగకు చనిపోయింది. నాలుగేళ్లకు భార్య పోయింది. చూపు కూడా పోయింది. 1881లో కంపెనీ బొంబాయిలో ఆఫీసు తెరిచేనాటికి దాన్ని నడుపుతున్నది కొడుకే.

1890లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అధ్యక్షుడు జె.సి. ఫార్గో యూరప్ వెళ్లి, పెద్ద నగరాలు దాటాక తన లెటర్ ఆఫ్ క్రెడిట్‌తో డబ్బు పుట్టక ఇబ్బంది పడ్డాడు. మరుసటి ఏడాదే ఆ కంపెనీ ట్రావెలర్స్ చెక్ తెచ్చింది. కొన్నప్పుడు ఒక సంతకం, మార్చేటప్పుడు ఇంకో సంతకం. విడి ఉత్తరం అవసరం పోయింది, రెండు సంతకాలూ ఒకే కాగితం మీదికి వచ్చాయి. ఇది జరిగిన ఏడాదికి, 1892 జులై 18న, థామస్ కుక్ లెస్టర్‌లో కన్నుమూశాడు.

అతని పేరుతో నడిచిన బ్రిటిష్ కంపెనీ 2019 సెప్టెంబరు 23న అప్పులతో మూతపడింది. (మన దేశంలో ఆ పేరుతో ఉన్నది వేరే సంస్థ. 2012లోనే చేతులు మారింది, ఇప్పటికీ నడుస్తోంది.) ఆ రోజు దాదాపు లక్షన్నర మంది బ్రిటన్ యాత్రికులు విదేశాల్లో ఉన్నారు. ప్రభుత్వం విమానాలు పంపి వాళ్లను వెనక్కి తెచ్చింది. దానికి రెండు రోజుల ముందే ట్యునీషియాలోని హమ్మామెత్‌లో ఒక హోటల్, కంపెనీ నుంచి తన బాకీ వస్తుందో రాదోనని, గేటు మూసి అతిథులను అదనంగా డబ్బు కట్టమంది. గదికి, భోజనానికి వాళ్లు ఇంగ్లండ్‌లోనే ఎప్పుడో కట్టేశారు. అయినా కొందరు గేటు దాటడానికి కార్డు తీసి మళ్లీ కట్టారు.