పూనా పురిటింటి తల్లి – సావిత్రీబాయి ఫూలే

సావిత్రీబాయి ఫూలే పేరు వినగానే బాలికల పాఠశాల జ్ఞప్తికి వచ్చుట పరిపాటి. 1831 జనవరి 3వ తేదీన సతారా ప్రాంతపు నాయ్‌గావ్ గ్రామమున జన్మించి, తొమ్మిదవ యేట జ్యోతిరావును పెండ్లాడి, మెట్టినింట అక్షరములు దిద్దుకొని, 1848లో భర్తతో కూడి పూనాలో బాలికలకు బడి తెరచిన చరిత్ర అందరెరిగినదే. బడికి పోవు దారిలో ఆమెపై బురదయు పేడయు చల్లిన సంగతి మన పిల్లలు సైతము చెప్పగలరు. కావున దానిని విస్తరింపను. ఆమె యింటి ఆవరణలోనే జరిగిన వేరొక కార్యమును గూర్చి వ్రాయదలచితిని.

ఆనాటి అగ్రవర్ణ గృహములలో ఊహ తెలియక మునుపే వైధవ్యము పాలైన బాలికలు పెక్కుమంది యుండిరి. వితంతు వివాహమును 1856 నాటి చట్టము అనుమతించినది గాని సంఘము అనుమతింపలేదు. అట్టి పడుచు ఎవని మోసము వలననో గర్భవతి యైనచో ఆమెకు మిగిలిన దారులు మూడు: నాటుమందు మ్రింగుట, నూతిలో దుముకుట, పుట్టిన బిడ్డను చేజేతుల చంపుకొనుట. 1862లో అమలులోనికి వచ్చిన శిక్షాస్మృతి గర్భస్రావమును నేరముగా నెంచెను. తల్లి ప్రాణరక్షణ కొరకు తప్ప మినహాయింపు లేదు. ఆ కఠినత్వము సడలుటకు మన దేశమున 1971 వరకు వేచియుండవలసి వచ్చినది.

ఫూలే దంపతుల మిత్రుడు గోవండే గారి యింట కాశీబాయి యను బ్రాహ్మణ వితంతువు వంట చేయుచుండెను. ఒక శాస్త్రి ఆమెను వంచించెను. గర్భము నిలిచినది; మందులు పనిచేయలేదు. లోకమునకు వెరచి, పుట్టిన శిశువును చంపి నూతిలో పడవేసెను. న్యాయస్థానము ఆమెకు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష విధించి అండమానులకు పంపెను. వంచించిన శాస్త్రికి మాత్రము ఏ ద్వీపమును చూడవలసిన అగత్యము కలుగలేదు!

ఆ విచారణ ముగిసిన వెంటనే, 1863లో, ఫూలే దంపతులు తమ ఆవరణలోనే శిశుహత్యా నివారణ గృహమును నెలకొల్పిరి. బ్రాహ్మణ వీథుల మూలమూలలను అచ్చు ప్రకటనలు అంటింపబడెను. వితంతువులు రహస్యముగా వచ్చి పురుడు పోసికొనవచ్చును. బిడ్డను తీసికొనిపోవుటయో విడిచిపోవుటయో వారి యిష్టము. విడిచిన బిడ్డల పోషణ గృహమే చూచుకొనును. ప్రకటన అచ్చువేయించుట ఒక దినపు పని. వచ్చిన తల్లులను, పసికందులను రేయింబవళ్లు కనిపెట్టుకొని యుండుట ఏండ్ల తరబడి పని. అది సావిత్రీబాయిపై పడెను.

బాల్యవివాహములను, నిర్బంధ వైధవ్యమును గూర్చి మలబారీ వ్రాసిన పత్రములపై ప్రభుత్వము 1884లో అభిప్రాయములు కోరినది. అభిప్రాయములు కోరి దస్త్రము కట్టుట మా కార్యాలయములలో నేటికిని ఉన్న ఆచారమే. అట్టి కాగితములలో గుండె కదలించునవి అరుదు. జ్యోతిరావు పంపిన సమాధానము అట్టిది. అప్పటి వరకు ఆ గృహమునకు 35 మంది గర్భిణులైన వితంతువులు వచ్చి ప్రసవించిరి. వారి బిడ్డలలో బ్రతికినవారు 5 గురు. మరణించినవారు 30 మంది. గర్భమును దాచుటకై తల్లులు ముందే మ్రింగిన విషపు మందులే ఆ మరణములకు కారణమని ఆయన తెలిపెను.

ఈ లెక్కను చూచి ఆ గృహము విఫలమైనదనువారు ఉండవచ్చును. నాకు అట్లు తోచదు. తలుపు తెరచియున్నను, అంతవరకు నడచి రాకముందే భయము తన పని చేసివైచినది. సావిత్రీబాయి చేతికి వచ్చినది అప్పటికే విషము సోకిన శిశువు. ముప్పదిమారులు అట్టి బిడ్డలను పోగొట్టుకొనియు ఆ తలుపు మూయకుండుట సామాన్యము కాదు. మన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులు గారు 1881లో తొలి వితంతు వివాహము జరిపించిరి. అది ఆపద రాకముందు చేయు చికిత్స. పూనా గృహము ఆపదలో పడినవారికి ఆశ్రయము. రెండును కావలసినవే.

దంపతులకు సంతానము లేదు. 1874లో ఒక బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన మగశిశువును దత్తత చేసికొని యశవంతుడని పేరిడిరి. ఎవరికిని అక్కరలేని ఆ బిడ్డ పెరిగి వైద్యుడయ్యెను. 1890లో జ్యోతిరావు గతించెను. 1897లో పూనాను ప్లేగు చుట్టుముట్టగా తల్లియు కుమారుడును ఊరి వెలుపల రోగులకై వైద్యశాల తెరచిరి. ముంఢ్వాలో ప్లేగు సోకిన ఒక బాలుని ఆమె స్వయముగా వీపున మోసికొని అచటికి చేర్చెను. ఆమెకు అప్పుడు అరువదియారేండ్లు. ఆ రోగమే ఆమెకును సోకి, మార్చి 10వ తేదీన ఆమె కన్నుమూసెను.