యోగమును ప్రయోగశాలకు తెచ్చిన ఆచార్యుడు: స్వామి కువలయానంద

పరీక్షలు సమీపించిన రోజులలో మా వద్దకు వచ్చే విద్యార్థులు చెప్పే బాధలు ఇంచుమించు ఒకటే. ఒకరికి తలనొప్పి, మరొకరికి అజీర్ణము, ఇంకొకరికి నిద్ర పట్టకపోవుట. గంటల తరబడి వంగి కూర్చుని చదువుటచేత నడుము పట్టివేసినదని చెప్పేవారూ కలరు. నల్లబల్ల ముందు నిలువుకాళ్లపై పాఠము చెప్పే మాకును ఆ నొప్పి అపరిచితము కాదు. ఇట్టి సందర్భములలో యోగాసనములు అభ్యసింపరాదా అని మేము అడిగినప్పుడు రెండు విధములైన సమాధానములు వినవచ్చుచున్నవి. అది అన్యమత సంబంధమైనది గదా, మనకెందుకని కొందరు సంకోచిస్తారు. అది సర్వరోగ నివారిణి, మందులతో పని లేదని మరికొందరు ఉత్సాహపడతారు. చూచుటకు ఈ రెండును పరస్పర విరుద్ధములు. కాని రెండింటిలోను లోపించినది ఒక్కటే. అది పరిశీలన. ఆ పరిశీలనకే జీవితమును ధారపోసిన ఒక మహనీయుని చరిత్రను ఈ సంచికలో మన విద్యార్థులకు, కళాశాల పాలకవర్గము వారికి పరిచయము చేయదలచితిమి.

స్వామి కువలయానంద అసలు పేరు జగన్నాథ గణేశ గుణే. 1883 ఆగస్టు 30న నాటి బరోడా సంస్థానములోని డభోయిలో ఒక మహారాష్ట్ర కుటుంబములో జన్మించారు. బాల్యము కష్టములతో గడిచినది. సొంత కష్టముతో చదువు సాగించారు. 1903లో మెట్రిక్యులేషన్ పరీక్షలో సంస్కృతమునకు ఇచ్చే జగన్నాథ శంకరశేట్ విద్యార్థి వేతనమును సంపాదించి, బరోడా కళాశాలలో చేరి 1910లో పట్టభద్రులైనారు. పేదరికము విద్యకు అడ్డుగోడ కాజాలదని చెప్పుటకు ఇంతకన్న వేరు నిదర్శనము అక్కరలేదు.

అవి స్వదేశీ ఉద్యమపు రోజులు. లోకమాన్య తిలకుని ప్రభావము యువకుల గుండెలలో నిండియున్నది. ఆనాడే గుణే ఆజన్మ బ్రహ్మచర్యమును, దేశసేవను వ్రతముగా స్వీకరించారు. 1907 మొదలు 1910 వరకు బరోడాలోని జుమ్మాదాదా వ్యాయామశాలలో రాజరత్న మాణిక్‌రావు వద్ద దేశీయ వ్యాయామ విద్యలను అభ్యసించారు. శరీరమును తీర్చిదిద్దుట జాతిని తీర్చిదిద్దుటలో ఒక భాగమని ఆయన గ్రహించినది అక్కడనే. ఆ వ్యాయామశాల ధూళిలో నాటుకొన్న విత్తనము తరువాత లోనావ్లా కొండలలో వృక్షమైనది.

విద్యాభ్యాసానంతరము ఆయన అధ్యాపక వృత్తిని చేపట్టారు. ఖాందేశ్ ప్రాంతములోని అమల్‌నేర్‌లో విద్యాసంస్థల నిర్వహణకు తోడ్పడి, అచ్చటి జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. జాతీయ భావములకు నిలయమైనదన్న కారణముచే పరప్రభుత్వము ఆ కళాశాలను మూయించివేసినది. ఉపాధ్యాయునికి పాఠశాల మూతపడుట కన్న మించిన దుఃఖము వేరొకటి ఉండునా? కాని ఆయన కుంగిపోలేదు. అంతకు ముందే, 1919లో, ఆయన జీవితము మరియొక మలుపు తిరిగియున్నది.

ఆ సంవత్సరము నర్మదానదీ తీరమున మాల్సర్ గ్రామములో నివసించుచున్న పరమహంస మాధవదాస్‌జీ అను వృద్ధయోగిని ఆయన దర్శించి శిష్యులైనారు. వంగదేశమున జన్మించి, దేశమంతయు సంచరించి, తుదకు ఆ తీరమున స్థిరపడిన యోగి ఆయన. గురువు వద్ద గుణే ఆసనములు, ప్రాణాయామము, శుద్ధిక్రియలు నేర్చుకొన్నారు. వాటి ఫలితము తన శరీరముపైననే కనబడినది. ఇతరులైనచో అంతటితో తృప్తి చెందియుందురు. గురువు చెప్పినారు, గుణము కనిపించినది, ఇంకేమి కావలెను? కాని ఈ అధ్యాపకుని మనస్సులో ఒక ప్రశ్న మిగిలిపోయినది. ఈ క్రియలు చేయునపుడు శరీరములో నిజముగా జరుగుచున్నదేమి?

సమాధానము కొరకు ఆయన 1920–21లలో బరోడా ఆసుపత్రి గుమ్మము తొక్కారు. అక్కడ తన విద్యార్థుల సహాయముతో ఉడ్డియానము, నౌళి అను ఉదర క్రియలను ఎక్స్‌రే యంత్రము ఎదుట చేయించి పరిశీలించారు. గురుశిష్య పరంపరలో నడచివచ్చిన విద్య యంత్రసాక్ష్యమునకు తలయొగ్గిన ఘట్టమది.

ఆ తరువాత జరిగిన ఒక ప్రయోగమును ఇచ్చట వివరించుట ఉచితము. యోగులు చేసే శుద్ధిక్రియలలో బస్తి ఒకటి. నీటిలో కూర్చుని, చిన్న గొట్టము సాయమున, నౌళి చేయుట ద్వారా నీటిని పెద్దప్రేగులోనికి పైకి గ్రహించుట దాని పద్ధతి. నీరు పల్లమెరుగునన్నది లోకోక్తి. అట్టి నీరు తనంతట పైకి ఎట్లు పోవుచున్నది? ప్రేగులు వెనుకకు కదలి నీటిని లాగుచున్నవని కొందరు ఊహించారు. కువలయానంద ఊహతో సరిపెట్టుకొనక, ప్రేగులోని గాలి ఒత్తిడిని పాదరస పీడనమాపకముతో కొలిపించారు. నౌళి చేయునపుడు లోపలి ఒత్తిడి బయటి వాతావరణపు ఒత్తిడి కన్న తగ్గుచున్నదని పాదరసము తెలిపినది. లోపల ఒత్తిడి తగ్గినప్పుడు బయటి గాలి నీటిని లోనికి నెట్టును. సిరాకలము సిరాను పీల్చుకొనునది కూడ ఈ సూత్రము చేతనే. ఇందులో మహిమ లేదు, మర్మము లేదు. ప్రకృతి నియమమే కలదు. ఆ పాక్షిక శూన్యమునకు ఆయన తన గురువు పేరు పెట్టి గురుదక్షిణ చెల్లించుకొన్నారు. పరీక్షించుట అవిశ్వాసము కాదనియు, అది కూడ ఒక విధమైన భక్తియేననియు ఈ ఉదంతము మనకు బోధించుచున్నది.

1924లో బొంబాయి, పుణెల నడుమ గల లోనావ్లాలో ఆయన కైవల్యధామమును స్థాపించారు. అదే సంవత్సరము యోగ మీమాంస అను త్రైమాసిక పత్రికను ప్రారంభించారు. అందులో ఒక భాగము ప్రయోగముల వివరములకు, మరియొక భాగము సామాన్య పాఠకులకు ఉద్దేశింపబడినది. పండితుడు లెక్కలు చూచుకొనవచ్చును, గృహస్థుడు ఆసనము నేర్చుకొనవచ్చును. ప్రాణాయామముపై 1931లోను, ఆసనములపై 1933లోను ఆయన గ్రంథములు వెలువడినవి. బలవంతులకు పూర్తి అభ్యాసక్రమమును, బలహీనులకు, తీరిక లేనివారికి సంక్షిప్త క్రమమును వేరువేరుగా ఏర్పరచుట ఆయన లోకజ్ఞతకు నిదర్శనము.

ప్రాణాయామము విషయములో ఆయన చూపిన నిజాయితీ ప్రత్యేకముగా స్మరింపదగినది. ప్రాణాయామము చేసినచో ప్రాణవాయువు విశేషముగా లోనికి చేరుననియు, దాని మేలంతయు అందులోనే కలదనియు జనాభిప్రాయము. యోగమును ప్రచారము చేయగోరువారికి ఇంతకన్న అనుకూలమైన మాట వేరొకటి లేదు. కాని తన పరిశీలనలు ఆ వాదమును బలపరచనందున ఆయన దానిని అంగీకరింపలేదు. ప్రాణాయామపు విలువ ప్రధానముగా నాడీమండలముపై దాని ప్రభావములో కలదని వాదించారు. తన పక్షమునకు లాభించే మాటనైనను నిజము కానిచో విడిచిపెట్టగలవాడే శాస్త్రజ్ఞుడు.

ఆయన కీర్తి క్రమముగా వ్యాపించినది. 1927లో గాంధీజీ తన అనారోగ్య సందర్భమున ఆయనతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి ఆసనముల విషయమై సలహాలు పొందారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచున్న కొవూర్ బెహనన్ 1930వ దశకపు తొలినాళ్లలో లోనావ్లాకు వచ్చి, శిక్షణ పొంది, యోగముపై 1937లో ఒక గ్రంథము ప్రకటించారు. ప్రాణాయామము చేసిన వెంటనే లెక్కలు కట్టుట వంటి మానసిక పరీక్షలలో వేగము తగ్గినట్లు బెహనన్ కనుగొన్న ఫలితము కూడ దాచబడలేదు. అది ఉత్తేజము కలిగించుటకన్న ప్రశాంతతను కలిగించునని అర్థము చేసికొనవచ్చును. పరీక్ష హాలులోనికి అడుగుపెట్టే ముందు కాక, రాత్రి చదువు ముగిసిన తరువాత అభ్యసించుట మేలని మన విద్యార్థులు గ్రహింతురుగాక!

1932లో బొంబాయిలో కైవల్యధామపు ఆరోగ్యకేంద్రము వెలసినది. అది 1936లో చౌపాటీ సముద్రతీరమునకు మారినది. కార్యాలయములలో కూర్చుండి పనిచేయు నగరవాసులు మలబద్ధకము, అజీర్ణము, వెన్నునొప్పి, ఆయాసము వంటి బాధలతో వచ్చి అభ్యాసము చేయుటకు అచట వసతి కల్పింపబడినది. స్వాతంత్ర్యానంతరము లోనావ్లాలో యోగ కళాశాల, యోగ చికిత్సాలయము కూడ ఏర్పడినవి. 1963లో డాక్టర్ వినేకర్‌తో కలిసి ఆయన రచించిన యోగ చికిత్సా గ్రంథమును కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ ప్రచురించినది. 1966 ఏప్రిల్ 18న ఆయన కీర్తిశేషులైనారు. ఆయన నాటిన సంస్థ నేటికిని పనిచేయుచు 2024లో నూరేండ్లు పూర్తి చేసికొన్నది.

ఇక మా సంకోచపరుల ప్రశ్నకు వత్తుము. కువలయానంద వ్యక్తిగతముగా ఆధ్యాత్మిక సాధకుడే. దానిని ఆయన దాచలేదు, మనము దాచనక్కరలేదు. అయినను ఆరోగ్యము కొరకు చేయు ఆసనములను వివరించునపుడు ఆయన కండరములు, నాడులు, గ్రంథులు, రక్తప్రసారము అను భాషలోనే వివరించారు. భుజంగాసనముతో వెన్ను కండరములు బలపడుటకు, పశ్చిమతానముతో తొడల వెనుక నరములు సాగుటకు, శవాసనముతో ఒడలు సేదదీరుటకు ఎవరి మతముతోను పని లేదు. పరుల విద్యను పరిశీలించుట మన పూర్వులకు కొత్త కాదు. పదకొండవ శతాబ్దములో అల్‌బెరూనీ పతంజలి యోగ గ్రంథమును అరబ్బీ భాషలోనికి తెచ్చారు. పదునారవ శతాబ్దములో గ్వాలియర్‌కు చెందిన సూఫీ ముహమ్మద్ గౌస్ యోగవిద్యపై బహ్ర్ అల్ హయాత్ అను ఫారసీ గ్రంథమును రచించారు. మొగలు చిత్రకారులు దానిలోని ఆసనములకు బొమ్మలు వేసినారు. వారెవ్వరును తమ విశ్వాసమును విడువలేదు. తెలిసికొనుటకు భయపడనూ లేదు.

ఉత్సాహపరులకు కూడ ఒక మాట. ఐక్యరాజ్యసమితి తీర్మానము ననుసరించి 2015 నుండి ఏటేట జూన్ 21న యోగ దినము జరుగుచున్నది. ఆ సందడిలో కువలయానంద చేసిన హెచ్చరికలు మరుగున పడరాదు. చెవి నుండి చీము కారువారు, కంటి రక్తనాళములు బలహీనమైనవారు, గుండె జబ్బు, రక్తపోటు కలవారు శీర్షాసనము వంటి వాటిని సొంత పెత్తనముతో వేయరాదు. నేటి పరిశోధనలు దీర్ఘకాలపు నడుమునొప్పికి యోగాభ్యాసము కొంతవరకు ఉపశమనము నిచ్చుననియు, ఉబ్బసము కలవారికి స్వల్పముగా మేలు చేయవచ్చుననియు తెలుపుచున్నవి. కొంతవరకు, స్వల్పముగా అను ఈ మాటలను గమనింపవలెను. ఉబ్బసమునకు మందు, మధుమేహమునకు ఇన్సులిన్ మానివేసి ఆసనములు వేయుట ప్రాణాపాయము. యోగము మందునకు తోడేగాని మందునకు మారు కాదు.

భోజనమైన వెంటనే కాక, ఖాళీ కడుపుతో, తెలిసినవారి పర్యవేక్షణలో, ఒడలు అనుమతించినంత మేరకు, రోజుకు పావుగంట అభ్యసించినను చాలును. ఇష్టము లేనివారు మైదానములో నడువవచ్చును. అది వారివారి విశ్వాసమునకు, వైద్యుని సలహాకు సంబంధించిన విషయము. అభ్యాసము కోరువారికి ఉదయపు వేళ మైదానములో కొంత చోటును, శిక్షణ పొందిన ఒక వ్యాయామోపాధ్యాయుని కల్పింపుడని మాత్రము కమిటీ పెద్దలకు సవినయముగా మనవి చేయుచున్నాము.

కళాశాల మూతపడిన ఒక అధ్యాపకుడు ఆసుపత్రిలోని ఎక్స్‌రే గదిలో కొత్త పాఠశాలను కనుగొన్నారు. పరీక్షింపక పొగడుటయు, పరీక్షింపక త్రోసివేయుటయు విద్యార్థికి తగని పనులని ఆయన జీవితము చెప్పుచున్నది. ఆ పాఠము నడుమునొప్పికే కాదు, మనము చదివే ప్రతి శాస్త్రమునకును, వినే ప్రతి మాటకును వర్తించును. మన విద్యార్థులు ఆ పాఠమును మనసున నిలుపుకొని, ఆరోగ్యవంతులై, విద్యావంతులై వర్ధిల్లుదురుగాక అని ఆకాంక్షించుచున్నాము.