నాయకులను తీర్చిదిద్దిన బిషప్ అజరయ్య

చేతికందిన అధికారంతో ఇతరులను పైకి తెచ్చిన మహనీయులలో బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు చిరస్మరణీయులు. వీరు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో జన్మించారు. మాతృభాష తమిళం. 1909లో మద్రాసు వై.ఎం.సి.ఏ. ఉద్యోగం విడిచి దోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, గ్రామసేవకు అంకితమయ్యారు. విదేశ మిషనరీలు భారతీయులను సహచరులుగా, స్నేహితులుగా ఆదరించాలని 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిర్భయంగా కోరారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో ప్రథమ భారతీయ బిషప్ అయ్యారు. భారతీయుడు ఆ పీఠానికి తగునా అని శంకించినవారు లేకపోలేదు. ఆ శంకకు వారు వాదంతో గాక, మనుషులను తయారుచేసి సమాధానమిచ్చారు. లోకం అంటరానివారని దూరముంచిన కుటుంబాల యువకులకు దోర్నకల్‌లో శిక్షణ ఇప్పించి, గురువులుగా, ఉపదేశకులుగా నిలబెట్టారు. వారి భార్యలకూ విద్య నేర్పించారు. సువార్తను చాటే బాధ్యత ప్రతి విశ్వాసిదీ అని బోధించారు. 1935 నాటికి ఆ అధ్యక్ష మండలంలో 2,000 మందికి పైగా పల్లె ఉపాధ్యాయులు పనిచేస్తుండేవారు.

1945 జనవరి 1న వారు దోర్నకల్‌లో పరమపదించారు. తాము ఐక్యతకై శ్రమించిన దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. వారు తీర్చిదిద్దిన సేవకులు ఆ పనిని కొనసాగించారు. శిష్యులు తన స్థానంలో నిలువగలగడమే గురువుకు నిజమైన కీర్తి.