మూసీ ఒడ్డున విశ్వేశ్వరయ్య

తమ ఊరికొక ఉద్యానము కావలెనని కోరని పౌరులుండరు. సంగారెడ్డిలో మహబూబ్‌సాగరపు గట్టుమీదను, పటాన్‌చెరులో సాకిచెరువు చెంతను సాయంకాలము నడచువారు చెట్లనీడను, చక్కని కాలిబాటను ఆశించుట సహజమే. అయితే ఆ పనికి కేటాయించిన సొమ్మును మొదట ఎచ్చట వెచ్చింపవలెను? ఈ ప్రశ్నకు మన పొరుగునున్న భాగ్యనగరమునందే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సమాధానము చూపి వెళ్లిరి.

ఆయన పూర్వులది గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండం గ్రామము. ఆ ఊరి పేరే ఇంటిపేరైనది. కుటుంబము మైసూరు సీమకు తరలిపోగా, ఆయన 1861లో ముద్దెనహళ్లిలో జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతించెను. పిల్లలకు పాఠములు చెప్పి తన చదువు సాగించుకొనుచు 1881లో బెంగుళూరు సెంట్రల్ కళాశాలనుండి పట్టము పొందిరి. పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువులో చేరిరి. ఖడక్‌వాస్లా జలాశయమునకు, వరద వచ్చినప్పుడు తమంతట తామే తెరచుకొను తలుపులను అమర్చి పేరుగాంచిరి. 1908లో ఉద్యోగము విడిచి విదేశయాత్రకు బయలుదేరిరి.

ఆ యేటనే సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగెను. శంషాబాదులో ఒక్క దినమున 12.8 అంగుళముల వాన కురిసెను. హైదరాబాదులో వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. అఫ్జల్‌గంజ్ తోటలోని చింతచెట్టు నెక్కి ఇంచుమించు 150 మంది బ్రతికిరని నేటికిని చెప్పుకొందురు. ఆ చెట్టున్న నేలయే తరువాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమయ్యెను.

నిజాం ప్రభుత్వము పిలువగా విశ్వేశ్వరయ్యగారు 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరిరి. చితికిపోయిన నగరమును చూచినవారికి, ఒడ్డున పెద్దగోడ కట్టించిన చాలునని తోచుట వింతకాదు. ఆయన చూపు మాత్రము నగరమును దాటి ఎగువకు సాగెను. మూసీ పరీవాహక ప్రాంతమున, నగరమునకు పైన, 788 చెరువులుండెను. వానిలో 221 తెగిపోయినట్లు లెక్క తేలెను. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువును తెంచెను. వానకు ఈ నీరు తోడై నగరముపై పడెను.

అందుచేత ఆయన ప్రణాళిక ఎగువనుండి ఆరంభమయ్యెను. మూసీపై నొకటి, ఈసీపై నొకటి జలాశయములు కట్టి, వరదను అచ్చట నిలిపి, నగరము భరింపగలిగినంతగా క్రిందికి విడువవలెను. పిదప నగరములో నదికిరుప్రక్కల గట్లెత్తి, బాటలు వేసి, తోటలు పెంచవలెను. మురుగునీటికి వేరుదారి కల్పింపవలెను. ఇట్లు ఉద్యానము ప్రణాళికలో చివరి మెట్టయ్యెను. క్రింది మెట్లు లేనిచో అది తరువాతి వరదలో కొట్టుకొనిపోవునని ఆయన యెరుగుదురు.

ఆ యేడు నవంబరులో ఆయన మైసూరునకు ముఖ్య ఇంజనీరుగా వెళ్లిరి. అయినను పని ఆగలేదు. 1912లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో నగరాభివృద్ధి సంఘమేర్పడెను. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియయ్యెను. వరదకై పెట్టిన వ్యయమే నగరమునకు త్రాగునీరును సమకూర్చెను. ఒక్క ఖర్చుతో రెండు ప్రయోజనములు సిద్ధించెను. మూసీ తీరమున హైకోర్టు, సిటీ కళాశాల, ఆసుపత్రి, వాని చెంత తోటలు వెలసెను. మురుగుపారుదల పనికై 1922లో విశ్వేశ్వరయ్యగారు మరల రావలసివచ్చెను.

మైసూరు దివానుగా, కృష్ణరాజసాగర నిర్మాతగా ఆయన కీర్తి లోకవిదితము. 1955లో భారతరత్నము లభించెను. నూరేండ్లు నిండిన పిదప, 1962లో పరమపదించిరి.

ఆయన చూపిన క్రమమును తరువాతివారము నిలుపుకొనలేదు. నగరము పెరిగినకొలది మురుగు మూసీలోనికే మరలెను. ఇరుకు ఇండ్లు నదీగర్భమువరకు దిగెను. మన ప్రాంతపు కథయు ఇంతకంటె మేలుకాదు. 1970ల దశకమునుండి పటాన్‌చెరు పరిసరములలో కర్మాగారములు వెలసి వేలమందికి జీవనోపాధి కల్పించినవి. కాని వాని వ్యర్థజలములు నక్కవాగు వెంట మంజీరలోనికి దిగెను. 1990లో ఈ వివాదము సుప్రీంకోర్టు గడప త్రొక్కెను. ఈ మంజీర నీటినే సంగారెడ్డి చెంతనుండి 1965 మొదలుకొని హైదరాబాదునకు తరలించుచున్నారు.

కావున నేడు చెరువుగట్టున బల్లలకును, దీపములకును, పూలమొక్కలకును సొమ్ము మంజూరు చేయువారు ముందుగా ఆ చెరువులోనికి నీరు ఏ కాలువవెంట వచ్చుచున్నదో, ఆ కాలువలో మరేమి కలియుచున్నదో నడచి చూడవలెను. ఫీడరు కాలువ శుభ్రము చేయించుటకు ప్రారంభోత్సవము జరుగదు. శిలాఫలకముపై పేరు చెక్కరు. విశ్వేశ్వరయ్యగారు మొదట లెక్క వ్రాసినది అట్టి పనులకే. ప్రతి సెప్టెంబరు 15న ఆయన చిత్రపటమునకు పూలమాల వేయువారు ఆ యొక్క దినమైనను తమ చెరువునకు ఎగువగా నాలుగడుగులు నడచినచో, అదియే ఆయనకు తగిన అంజలి.