కప్పు లేని ఆలయము

పదిహేడవ శతాబ్దమున సూరతు మొగలుల గొప్ప రేవుపట్టణము. ఈస్టిండియా కంపెనీవారు అచ్చటికి ధనార్జనకే వచ్చిరి. వారి సిరిసంపదలను నేటికిని అచ్చటి సమాధులే చాటుచున్నవి. 1669లో మరణించిన అధ్యక్షుడు సర్ జార్జి ఆక్సెండెన్ సమాధి గోపురముతో కూడిన రెండంతస్తుల కట్టడము.

ఆయన తరువాత అధ్యక్షుడైన జెరాల్డ్ ఆంజియర్ వేరొక కట్టడమును తలపెట్టెను. అప్పుడు బొంబాయి సూరతు అధికారము క్రింద నుండెను. అచ్చట న్యాయస్థానమును, టంకశాలను నెలకొల్పిన ఆంజియర్, దేవుని ఆలయము కొరకును వర్తకులయొద్ద చందాలు కూర్చెను. 1676లో పునాది పడెను. 1677 జూన్ 30న ఆయన సూరతులోనే కన్నుమూసెను.

పిమ్మట ఆ నిధి దారితప్పెను. అది ఐదువేల పౌండ్లకు తక్కువ కాదని చెప్పుదురు. కంపెనీ ఓడలు సరకులతో వచ్చుచు పోవుచుండగా, ఆలయపు గోడలు దాదాపు నలువది ఏండ్లు కప్పు లేక నిలిచెను. ధనమునకు కొదువలేని చోట నమ్మకమైన గృహనిర్వాహకుడు కరవాయెను.

1714లో వచ్చిన పాదిరి రిచర్డ్ కాబ్ మరల చందాలెత్తి పని సాగించెను. 1718 క్రిస్మస్ దినమున పరిశుద్ధ తోమా ఆలయము తెరువబడెను. చర్చిగేట్ అను పేరు దానినిబట్టియే వచ్చినది.

ప్రియ చదువరీ, కానుక ఇచ్చినవాని భక్తి ఎంత గొప్పదైనను, దానిని చేతబట్టినవాడు నమ్మకస్థుడు కానియెడల ఆలయము లేవదు. సంఘపు సొమ్ము నీ చేతికి వచ్చినదా? లెక్క అడుగువాడు దేవుడే.