నిస్తంత్రీ వార్తాసాధకుడు మార్కోనీ

వార్త యందకపోవుట యనగా నేమో బందరు తీరమువారికిని, దివిసీమవారికిని వేఱుగా చెప్పవలసిన పని లేదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన సముద్రము బందరుపై విఱుచుకొనిపడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది గతించిరి. తంతి స్తంభములు నేలకొఱగెను, తీగలు తెగెను, దారులు చెట్లతోను నీటితోను మూసికొనెను. దివిలో జరిగిన ఘోరమెంతటిదో బయటి లోకమునకు పూర్తిగా తెలియుటకు దినములు పట్టెను. అట్టి సీమలోని గ్రంథాలయము వెలువరించు రజతోత్సవ సంచికలో, తీగ లేకుండ వార్త నంపు విద్యకు తన జీవితమంతయు ధారవోసిన యొకని చరిత్రము వ్రాయుట అప్రస్తుతము గాదని తలచుచున్నాను.

గుగ్లియెల్మో మార్కోనీ ఇటలీ దేశమున బొలోనా నగరమందు 1874వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన జన్మించెను. తండ్రి జ్యుసెప్పె భూవసతి గల గృహస్థు. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండు దేశమునుండి వచ్చినది. విస్కీ వర్తకమున పేరుపడిన యింటి యాడుబిడ్డ. బాలుడు పాఠశాలలో రాణింపలేదు. ఇంటికి వచ్చు ఉపాధ్యాయులవద్దనే చదువు సాగెను గాని విశ్వవిద్యాలయ ప్రవేశము మాత్రము దక్కలేదు. పొరుగున నివసించు రీఘీ యను భౌతికశాస్త్రాచార్యుడు తన ప్రయోగశాలకును గ్రంథాలయమునకును రానిచ్చెను. పట్టము లేనివానికి పుస్తకముల తలుపు తెఱచుట యెంత యుపకారమో గ్రంథాలయము నడపువారికి తెలిసినదే.

మార్కోనీ మోర్స్ సంకేతములు నేర్చిన విధము వినదగినది. లివోర్నో పట్టణమున చూపు కోల్పోవుచున్న వృద్ధుడైన తంతి యుద్యోగి యొకడుండెననియు, బాలు డాయనకు పుస్తకములు చదివి వినిపింపగా ఆయన ప్రతిఫలముగా ఈ విద్య నేర్పెననియు చెప్పుదురు. మోర్స్ సంకేతములలో ఇంగ్లీషు అక్షరములన్నియు చుక్కలతోను గీతలతోను ఏర్పడినవి. మన ఛందస్సు నెఱిగినవారికి ఇది క్రొత్తవిద్య గాదు. చుక్క లఘువు, గీత గురువు. మూడేసి గుర్తులతో ఏర్పడు అక్షరములు సరిగా ఎనిమిది. మన గణములును ఎనిమిదియే. ఎస్ అక్షరము మూడు చుక్కలు గనుక నగణము. ఓ మూడు గీతలు గనుక మగణము. డి భగణము, ఆర్ జగణము, కె రగణము, యు సగణము, జి తగణము, డబ్ల్యు యగణము. ఓడ మునుగువేళ పంపు ఎస్.ఓ.ఎస్. అను ఆపదసంకేతము న-మ-న గణములు వరుసగా పలికినట్లే యుండును. ఒక్క భేదము గలదు. గురువునకు మాత్రలు రెండు. మోర్స్ గీత నిడివి చుక్కకు మూడింతలు. కావున దానిని ప్లుతమనుటయే న్యాయము. ఛందస్సును కన్నుతో గాక చెవితో నేర్వవలెనని పెద్దలు చెప్పుదురు. మోర్స్ విద్యయు నట్టిదే. చుక్కలు గీతలు కాగితముపై లెక్కపెట్టుకొనువాడు ఎన్నటికిని వేగమందుకొనలేడు.

1894వ సంవత్సరారంభమున జర్మను శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ ముప్పదియేడవ యేటనే మరణించెను. విద్యుత్తరంగములు గాలిలో వ్యాపించునని ప్రయోగముచే నిరూపించినవా డాయనయే. ఆయనను గూర్చి రీఘీ వ్రాసిన సంస్మరణ వ్యాసము చదివి, ఇరువదేండ్ల మార్కోనీ ఆ తరంగములతో తంతి వార్తలు ఏల పంపరాదని తలపోసెను. పాంటెక్కియో గ్రామమందలి తమ యింటి మేడపై, పూర్వము పట్టుపురుగులు పెంచిన గదిలో ప్రయోగములు సాగించెను. ఒకనాటి రాత్రి తల్లిని నిద్రలేపి, గదికి ఒక వైపున మీట నొక్కి, తీగ సంబంధము లేకయే రెండవ వైపున గంట మ్రోగించి చూపెను. తండ్రి ఇది పనికిమాలిన చేష్ట యని విసుగుకొనుచునే కొంత ధనమిచ్చెను. 1895లో తీగ నొకకొన ఎత్తుగా నిలిపి రెండవ కొనను భూమిలో పాతగా దూరము హఠాత్తుగా పెరిగెను. అన్న అల్ఫోన్సో గ్రాహకయంత్రముతో కొండ కావలికి పోయి, సంకేతము వినబడినచో తుపాకి పేల్చవలెనని ఏర్పాటు. తుపాకి పేలెను. కొండ అడ్డమైనను వార్త చేరునని తెలిసినది ఆ దినముననే.

1896లో తల్లి కుమారుని ఇంగ్లండునకు కొనిపోయెను. అచ్చటి తపాలాశాఖ ముఖ్య ఇంజనీరు ప్రీస్ ఆదరించెను. 1897 మే నెలలో బ్రిస్టల్ జలసంధిమీదుగా ఆరు కిలోమీటర్ల దూరము, అనగా బందరునుండి మంగినపూడి తీరమునకు గల దూరములో సుమారు సగము, వార్త దాటెను. 1899లో ఇంగ్లీషు కాలువ దాటి ఫ్రాన్సునుండి ఇంగ్లండునకు చేరెను. అది సుమారు ఏబది కిలోమీటర్లు. బందరునుండి గుడివాడకు గల దూరమును మించినది. ఆ యేటనే గుడ్విన్ ఇసుకతిన్నెలవద్ద కాపున్న దీపనౌకను పొగమంచులో మఱియొక ఓడ ఢీకొనగా, దీపనౌకలోని నిస్తంత్రీయంత్రము తీరమునకు కబురంపి ప్రాణరక్షక నౌకలను రప్పించెను. సముద్రమున చిక్కినవారికి ఈ విద్య ప్రాణదాన మీయగలదని లోక మప్పుడు గ్రహించెను.

ఇంతటితో తృప్తి నొందక మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రమును దాటదలచెను. భూమి గుండ్రనిది, తరంగములు తిన్నగా పోవును, కావున అవి ఆకాశమున కెగిరిపోవునని పెద్దపెద్ద పండితులు వాదించిరి. ఇంగ్లండు పశ్చిమకొన పోల్డ్యూ వద్ద వలయాకారముగా నిలిపిన ఇరువది స్తంభములు 1901 సెప్టెంబరులో గాలివానకు కూలెను. అమెరికాతీరమున నిలిపినవియు నవంబరులో కూలెను. స్తంభములు కూలిన దుఃఖము మనకును తెలిసినదే గాని, ఆయన కూర్చుండి విచారింపలేదు. గాలిపటములు, బెలూనులు, తీగచుట్టలు పెట్టెలలో సర్దుకొని, కెంప్, పేజెట్ అను ఇరువురు సహాయకులతో న్యూఫౌండ్‌లాండు ద్వీపమునకు పోయెను. సెయింట్ జాన్స్ రేవుపైనున్న సిగ్నల్ కొండమీద, ఎముకలు కొఱుకు చలిగాలిలో, బెలూను త్రెగిపోయెను. ఒక గాలిపటము కొట్టుకొనిపోయెను. మఱియొక గాలిపటముతో సుమారు నూటయేబది మీటర్ల తీగను పైకి లేపిరి. 1901 డిసెంబరు 12వ తేదీ మధ్యాహ్నము పన్నెండున్నర ప్రాంతమున మార్కోనీ చెవికి మూడు చుక్కలు వినబడెను. దూరము సుమారు 3,400 కిలోమీటర్లు.

నిజముగా వినబడెనా? ఈ ప్రశ్న నేటికిని తీఱలేదు. విన్నవారు మార్కోనీయు కెంపును మాత్రమే. కాగితముపై ముద్రపడిన సాక్ష్యము లేదు. ఆ పొడవు తరంగములు పట్టపగలు అంతదూరము పోవుట కష్టమని తరువాతి శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. మేఘములలోని విద్యుత్తు చేయు చిటపట ధ్వని మూడు లఘువులుగా వినబడుట అసంభవము గాదు. నా మట్టుకు నేను డిసెంబరు నాటి మాటకన్న ఫిబ్రవరి నాటి పనికే యెక్కువ విలువ నిచ్చెదను. 1902 ఫిబ్రవరిలో మార్కోనీ ఫిలడెల్ఫియా యను ఓడ నెక్కి, పోల్డ్యూనుండి దూరమగుకొలది వచ్చు సంకేతములను అచ్చుపట్టీపై కెక్కించి, ఓడ యధికారుల సాక్ష్యము తీసికొనెను. రాత్రివేళ సంకేతములు మూడువేల కిలోమీటర్లకు పైబడి చేరెను. పగటివేళ అందులో సగమైనను చేరలేదు. ఈ పగలు-రాత్రి భేదమును కనిపెట్టుటయే గొప్ప విషయము. ఆకాశమున తరంగములను క్రిందికి మరలించు పొర యొకటి యుండవలెనని ఆ సంవత్సరమే కెన్నెలీ, హెవిసైడ్ అను వారు వేర్వేఱుగా ఊహించిరి.

ఇచ్చట మన దేశీయుడగు జగదీశచంద్ర బోసును తలపకుండుట అన్యాయము. ఆయన 1895లోనే కలకత్తాలో తీగ లేకుండ గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చి చూపెను. సిగ్నల్ కొండపై మార్కోనీ వాడిన పాదరస గ్రాహకము ఇటలీ నౌకాదళమువారివలన వచ్చినదని చెప్పబడినను, అట్టిదానిని బోసు 1899లోనే లండను రాయల్ సొసైటీవారి యెదుట వివరించియుండెను. బోసు విద్యను అమ్ముకొనుటకు ఇచ్చగింపలేదు. మార్కోనీ ప్రతి చిన్నదానికిని హక్కుపత్రము పుచ్చుకొనెను. ఆయన హక్కులలో ముఖ్యమైన దొకటి చెల్లదని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1943లో, ఆయన గతించిన ఆరేండ్లకు, తీర్పు చెప్పెను. అట్లని మార్కోనీని దొంగ యనుట తగదు. పదిమంది యొక్క పదిపనిముట్లను కూర్చి, గదిలోని వింతను నడిసముద్రపు టోడలోనికి చేర్చినవా డాయనయే.

1905లో ఐర్లండు కులీనకన్యను వివాహమాడెను. 1909లో బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞునితో కలసి నోబెల్ బహుమానము నందెను. 1912లో మోటారు ప్రమాదమున కుడికన్ను పోయెను. ఆ యేడు ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు రమారమి 1,500 మంది చనిపోయినను, బ్రతికిన ఏడువందలమందియు మార్కోనీ సంస్థవారి ఉద్యోగులు మీట విడువక పంపిన పిలుపువలననే బ్రతికిరి. వారిలో ఫిలిప్స్ అను యువకుడు ఓడతోపాటు పోయెను.

ఇక ఉత్సాహికుల మాట. జీతము కొఱకు గాక ప్రీతి కొఱకు యంత్రములు కట్టి, ప్రభుత్వపు అనుమతి పొంది, ఆకాశమార్గమున ఒకరితో నొకరు మాటలాడుకొనువారిని అమెచ్యూరు రేడియోవారనియు, హాములనియు పిలుతురు. భారతీయుల పిలుపు గుర్తులు వి.యు. అను అక్షరములతో మొదలగును. మార్కోనీ యెంత ధనవంతుడైనను తన్ను తాను అమెచ్యూరుగనే చెప్పుకొనెడివాడు. ఆయన చేసిన పెద్దపొరపాటును దిద్దినవారును అమెచ్యూరులే. దూరము పోవలెనన్న పొడవు తరంగములే కావలెనని నమ్మి ఆయన యిరువదియేండ్లు ఊరంత స్తంభములను కట్టించెను. 1912లో అమెరికా ప్రభుత్వము రెండువందల మీటర్లకు తక్కువైన పొట్టి తరంగములను, పనికిరానివని తలచి, అమెచ్యూరులకు వదలెను. ఊరి చివర చవిటినేల వంటి యీవి! వారు దానినే సాగుచేసిరి. 1921 డిసెంబరులో గాడ్లీ యను అమెరికావాడు స్కాట్లండు సముద్రతీరమున గుడారము వేసికొని, తడినేలపై తీగ పఱచి, తన దేశపు అమెచ్యూరుల సంకేతములను వినెను. 1923లో ఫ్రాన్సు, అమెరికా దేశముల అమెచ్యూరులు సముద్రముమీదుగా పరస్పరము మాటలాడుకొనిరి. మార్కోనీయు తన ఎలెట్ట్రా నౌకపై పొట్టి తరంగములను పరీక్షించి, పాతమార్గమును విడిచెను. 1927లో ఇంగ్లండు, భారతదేశముల నడుమ నడచిన బీమ్ నిస్తంత్రీమార్గ మీ మార్పు ఫలమే. అప్పటి కాయన వయస్సు ఏబదిమూడేండ్లు. ఆ ప్రాయమున తన జీవితకాలపు నమ్మకమును మార్చుకొనగలవారు అరుదు.

సిగ్నల్ కొండపై గాలిపటము, స్కాట్లండు తీరమున గుడారము – నేటి అమెచ్యూరుల సంచారకేంద్రముల కివియే పూర్వులు. ఒక చిన్న పెట్టె, ఒక బ్యాటరీ, చెట్టుకొమ్మకు విసరిన తీగ యున్న చాలును. స్తంభములు కూలినను పని నడచును. హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ ఏర్పడెను. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందము వినోదార్థము అండమానులలో కేంద్రము నెలకొల్పియుండగా 26వ తేదీన సునామీ వచ్చెను. వినోదకేంద్రము ఆ క్షణముననే ఆర్తుల వార్తాకేంద్రమయ్యెను. 1977లో దివిసీమలో అట్టి పెట్టె యొక్కటి యుండినచో ఏమయ్యెడిదో! చనిపోయినవారు చనిపోక మానకుందురు గాని, చెట్లపట్టున మిగిలినవారికి అన్నము, మంచినీరు ముందుగా చేరియుండెడివి.

మోర్స్ విద్య యింకను కావలెనా యను వివాదము అమెచ్యూరులలో చిరకాలముగా నున్నది. ఓడలు 1999లో దానిని విడిచెను. 2003లో జెనీవాలో జరిగిన సమావేశము మోర్స్ పరీక్షను దేశములయిష్టమునకు వదలెను. మన దేశమునను ఆ పరీక్ష లేని తరగతి యేర్పడెను. 2013 జూలైలో మన దేశమున టెలిగ్రాము సేవయే నిలిచిపోయెను. కష్టపడి నేర్చినవారు, నేర్వనివారిని లోనికి రానీయరాదనిరి. క్రొత్తవారు, నోటితో మాటలాడగా మీట యెందుకనిరి. ఉభయుల మాటయందును కొంత సత్యము గలదు. మోర్స్ సంకేతము అతి సన్నని మార్గమున పోవును; మాట వినబడని హోరులోను, దీపపుబుడ్డికి చాలని విద్యుత్తుతోను అది చేరగలదు. కాని ఛందస్సు రానివానిని సభలోనికే రానీయమనుట యెట్లు? లోనికి రానిచ్చి తరువాత నేర్పుట మేలు.

మార్కోనీ చివరి దినములను గూర్చి కప్పిపుచ్చరాదు. 1923లో ఆయన ముస్సోలినీ పక్షమున చేరెను. 1930లో ఇటలీ రాజపరిషత్తునకు అధ్యక్షుడయ్యెను. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తి, విషవాయువులు చల్లి పేదప్రజలను చంపినపుడు ఆ యుద్ధమును దేశదేశములలో సమర్థించెను. ఓడలలోని అపరిచితుల ప్రాణములు కాపాడిన విద్యకు కర్తయైనవాడు నల్లవారి ప్రాణములకు విలువ కట్టలేకపోయెను. ఆయన పనిని కొనియాడువారు దీనిని గూడ చెప్పవలెను.

1937వ సంవత్సరము జూలై 20వ తేదీన రోమునగరమున గుండెజబ్బుతో మరణించెను. మఱునాడు బ్రిటను మొదలగు దేశములలోని నిస్తంత్రీకేంద్రములు రెండు నిమిషములు మీటలు మూసి మౌనము వహించెను. పాంటెక్కియోలో తొలి ప్రయోగములు చేసిన యింటిముంగిటనే సమాధి కట్టిరి. ఆ ప్రాంతమునకు సస్సో మార్కోనీ యని పేరు పెట్టిరి. ఎలెట్ట్రా నౌక రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుల చేతబడి 1944లో దాడికి గుఱియై మునిగెను. పైకి తీసిన దాని శకలములలో నొకటి నేడు ఆ యింటి ఆవరణలోనే యున్నది.